8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్లిజే ఐడియా: విజయనగరం నుంచి సమీక్ష

ముందు తీర్పు చెప్పేస్తాను. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే జావా రాయడానికి ఇంటెల్లిజే ఐడియా అనే ఈ ఐడీఈనే (కోడ్ రాసి నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకోండి. పాత హార్డ్‌డిస్క్, 4 జీబీ ర్యామ్ అయితే దీని జోలికి పోకండి, ఇండెక్సింగ్ (కోడంతా చదివి జాబితా వేసుకోవడం) పూర్తయ్యేలోపు ఓపిక అయిపోతుంది. 2025.3 వెర్షన్ నుంచి ఉచిత కమ్యూనిటీ, చందా కట్టే అల్టిమేట్ అని రెండు ఇన్‌స్టాలర్లు లేవు. ఉన్నది ఒక్కటే, చందా కట్టకపోయినా మామూలు జావా పనికి లోటు లేదు.

న్యూ ప్రాజెక్ట్‌లో బిల్డ్ సిస్టమ్‌గా (లైబ్రరీలు తెచ్చి ప్రోగ్రామ్ కట్టే సాధనంగా) మావెన్ ఎంచుకోండి. గ్రేడిల్ అనే ఇంకో సాధనం మంచిదే గానీ, దాని డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) పనిలేకపోయినా మూడు గంటలు మెమరీలోనే కూర్చుంటుంది. పక్కన క్రోమ్ కూడా తెరిచి ఉంటే 8 జీబీకి అది బరువే. జేడీకే (జావా కంపైల్ చేసి నడిపే కిట్) దగ్గర 'డౌన్‌లోడ్ జేడీకే' నొక్కి వెర్షన్ 21 తీసుకోండి. అది యూజర్ ఫోల్డర్‌లోని డాట్ జేడీకేస్‌లోకి వెళ్తుంది. విండోస్ పాత్‌ని (ప్రోగ్రాములు ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్) మాత్రం ఐడీఈ ముట్టుకోదు. అందుకే ఐడీఈలో రన్ అయిన ప్రోగ్రామే కమాండ్ ప్రాంప్ట్‌కి వెళ్తే 'జావా' ఎవరో తెలీదంటుంది. పాత్, జావా హోమ్ (జేడీకే ఫోల్డర్‌ని చూపే సెట్టింగ్) మనమే పెట్టుకోవాలి.

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది 'రిలీజ్ వెర్షన్ 5 నాట్ సపోర్టెడ్' అనే ఎర్రర్. సీనియర్లు ఇచ్చిన పాత ప్రాజెక్ట్ తెరిచినప్పుడే ఇది వస్తుంది. పామ్ ఫైల్లో (మావెన్ సెట్టింగులుండే pom.xml) జావా వెర్షన్ రాయకపోతే ఐడీఈ చాలాసార్లు దాన్ని 5 అనుకుంటుంది. జేడీకే 21 కంపైలరేమో 8 కంటే కిందికి దిగదు. చాలామంది ప్రాజెక్ట్ స్ట్రక్చర్‌లోకి వెళ్లి లాంగ్వేజ్ లెవెల్ (కోడ్ ఏ జావా వెర్షన్‌దన్న సెట్టింగ్) మారుస్తారు, ఆ పూటకి నడుస్తుంది. మావెన్ రీలోడ్ అవ్వగానే మళ్లీ మొదటికే. ఐడీఈ ఆ సెట్టింగులన్నీ పామ్ నుంచే తెచ్చుకుంటుంది కాబట్టి మార్పు అక్కడే చెయ్యాలి: ప్రాపర్టీస్‌లో మావెన్ డాట్ కంపైలర్ డాట్ రిలీజ్ అని ట్యాగ్ పెట్టి 21 రాసి, రీలోడ్ కొట్టండి. కాలేజీ ల్యాబ్‌లో జేడీకే 17 ఉంటే 17 అనే రాయండి. లేకపోతే ఇంట్లో కట్టిన జార్ (ప్రోగ్రామ్‌ని ప్యాక్ చేసిన ఫైల్) అక్కడ 'క్లాస్ ఫైల్ వెర్షన్ 65' అని మొరాయిస్తుంది. 65 అంటే జావా 21, 61 అంటే 17.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లకి ఇంకో సంగతి. మావెన్ తొలిసారి లైబ్రరీలతోపాటు ప్లగిన్లు (ఒక్కో పని చేసిపెట్టే భాగాలు) కూడా దింపుతుంది, అయితే కంపైల్, టెస్ట్, ప్యాకేజ్ లాంటి వాటిలో ఏ దశ నడిపితే ఆ దశ ప్లగిన్లే వస్తాయి. కంపైల్ ఒక్కటే చేసి సంక్రాంతికి ఊరెళ్తే అక్కడ టెస్ట్ నడవదు. సిగ్నల్ ఉన్నచోటే కుడివైపు మావెన్ ప్యానెల్లో 'ప్యాకేజ్' ఒకసారి నడిపేసి, తర్వాత ఆఫ్‌లైన్ మోడ్ పెట్టుకోండి.

తెలుగు అక్షరాలు ప్రింట్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయా? ఫైల్ ఎన్‌కోడింగ్స్‌లో యూటీఎఫ్-8 ఉన్నా సరిపోదు. జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది గానీ, కన్సోల్‌కి వెళ్లే దారి వేరు. రన్ కాన్ఫిగరేషన్ వీఎం ఆప్షన్స్‌లో (నడిచేటప్పుడు జావాకి ఇచ్చే సెట్టింగుల గడి) హైఫన్, పెద్ద డీ, ఆ వెంటనే ఎస్‌టీడీఅవుట్ డాట్ ఎన్‌కోడింగ్ ఈజ్‌ఈక్వల్‌టు యూటీఎఫ్-8 అని ఖాళీ లేకుండా రాయండి.

కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయాక కోడ్ నిండా ఎర్రగీతలు కనిపిస్తే కంగారుపడి ప్రాజెక్ట్ చెరపొద్దు. చాలాసార్లు పాడయ్యేది ఇండెక్సే. ఫైల్ మెనూలో 'ఇన్‌వాలిడేట్ క్యాచెస్' చేసి, మళ్లీ ఇండెక్స్ అయ్యేదాకా ఆగండి. నిజంగానే కోడ్ పోయుంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'లోకల్ హిస్టరీ' చూడండి. గిట్ (కోడ్ మార్పుల్ని దాచిపెట్టే సాధనం) లేకపోయినా మామూలుగా ఐదు పనిదినాల మార్పులు అందులో ఉంటాయి.