లేని డిస్కు పట్టించిన తప్పు: స్కజీ డీబగ్‌తో నాలుగేళ్లు

స్కజీ డీబగ్ అంటే ఏమిటో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. లైనక్స్ కెర్నల్‌తో పాటే వచ్చే మాడ్యూల్, ర్యామ్‌లో ఒక ఉత్తుత్తి డిస్కు తయారుచేసి పెడుతుంది. ఆప్షన్ల జాబితా కావాలంటే మోడ్ ఇన్ఫో అనే కమాండ్ కొడితే వస్తుంది, అది ఇక్కడ రాయను. నేను చెప్పాలనుకున్నది సెక్టర్ సైజ్ అనే ఒక్క ఆప్షన్ గురించి. సెక్టర్ అంటే డిస్కు ఒకసారికి చదివే, రాసే అతి చిన్న ముక్క. దానికి 4096 అని ఇస్తే చాలు, మన మెషీన్‌లో ఒక 4కే నేటివ్ డిస్కు, అంటే 512 బైట్లకి బదులు 4096 బైట్ల సెక్టర్లే వాడే డిస్కు, ప్రత్యక్షమవుతుంది. కొనక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఈ ఒక్క సదుపాయానికి నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పాలంటే పాత కథ ఒకటి చెప్పాలి.

మా టీమ్ చూసుకునేది వర్చువల్ మెషీన్ల డిస్కు ఇమేజీలని నడిపే సాఫ్ట్‌వేర్. వర్చువల్ మెషీన్ అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్, దాని డిస్కంతా దాచిన ఫైలే ఇమేజి. ఒక కస్టమర్ పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టుకున్నారు. ఇమేజీలన్నీ కాపీ చేశారు, కాపీ సరిగ్గా వచ్చిందో తేల్చే చెక్‌సమ్‌లు సరిపోయాయి. వారం తిరక్కుండానే ఒక వర్చువల్ మెషీన్‌లో ఫైళ్లు పాడవడం మొదలైంది. మిగతా మెషీన్లు నిక్షేపంగా ఉన్నాయి. పాడైన ఫైలు తెరిస్తే చాలావరకు సరిగ్గానే ఉండేది, మధ్యలో చిన్న ముక్క మాత్రం నిన్నటిదో మొన్నటిదో.

మూడు వారాలు వెతికాం. ర్యామ్ మార్పించాం, కంట్రోలర్ ఫర్మ్‌వేర్ మార్పించాం. అదే ఇమేజి, అదే లోడ్ మా ల్యాబ్‌లో రాత్రంతా నడిపితే ఒక్క బైటు తేడా రాలేదు. "మా దగ్గర బాగానే నడుస్తోందండీ" అని ఫోన్‌లో చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ చాలా బాధేసేది. డేటా పోతున్న మనిషికి ఆ మాట వల్ల ఒరిగేదేమీ లేదు.

చివరికి దారి చూపించింది ఒక సంఖ్య. పాడైన ముక్కల పొడవులు కాగితం మీద రాసుకుంటూ పోతే రెండే రకాలు తేలాయి. కొన్ని 512 బైట్లు, కొన్ని 3584. ఈ 3584 అంటే ఏడు 512లు. రెండూ కలిపితే సరిగ్గా 4096.

ఆ మెషీన్‌లో పార్టిషన్ (డిస్కులో ఫైళ్లకి కేటాయించిన భాగం) ఎక్కడ మొదలైందో అప్పుడు చూశాను. 63వ సెక్టర్. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో వేసిన పార్టిషన్ అది. విస్టా నుంచి 2048వ సెక్టర్ దగ్గర, అంటే సరిగ్గా 1 మెగాబైటు దగ్గర మొదలుపెట్టడం అలవాటైంది, మిగతా మెషీన్లన్నీ ఆ తర్వాతివే. 63ని 512తో గుణిస్తే 32256. దాన్ని 4096తో భాగిస్తే శేషం మిగులుతుంది. కాబట్టి గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపలి ఆపరేటింగ్ సిస్టమ్) రాసే ప్రతి 4కే క్లస్టరూ (ఫైళ్లకి అది చోటిచ్చే 4096 బైట్ల ముక్క) కింద ఉన్న డిస్కులో రెండు బ్లాకుల మీద కాలు వేసి కూర్చుంటుంది. మొదటి క్లస్టర్ 63 నుంచి 70 దాకా, రెండోది 71 నుంచి 78 దాకా. కింది డిస్కులో 64 నుంచి 71 దాకా ఒకే బ్లాకు. అందులో ఏడు సెక్టర్లు మొదటి క్లస్టర్‌వి, ఒక్కటి రెండోదానిది. 3584, 512.

ల్యాబ్‌లో ఎందుకు రాలేదంటే, మా డిస్కులన్నీ 512ఈ రకం. లోపల 4కే అయినా బయటికి 512 అనే చెబుతాయి. సగం బ్లాకు రాయమంటే ముందు చదివి, కొత్త ముక్క కలిపి, తిరిగి రాసే పని డిస్కే చూసుకుంటుంది. నెమ్మదిగా చేసినా తప్పు లేకుండా చేస్తుంది. కస్టమర్ కొత్త సర్వర్‌లో ఉన్నవి 4కే నేటివ్. ఓ డైరెక్ట్‌తో, అంటే కెర్నల్ క్యాష్ వాడకుండా నేరుగా, తెరిచిన డిస్కుకి 4096తో కుదరని రాత పంపితే కెర్నల్ 'ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని వెనక్కి కొడుతుంది. అందుకని ఆ చదివి, కలిపి, రాసే పని మా సాఫ్ట్‌వేర్ నెత్తిన పడింది. మేం దాన్ని తప్పుగా చేస్తున్నాం.

ఇంత అనుమానం ఉన్నా చేతిలో 4కే నేటివ్ డిస్కు లేదు, తెప్పించాలంటే వారాలు. అక్కడే స్కజీ డీబగ్ ఆదుకుంది. సెక్టర్ సైజ్ 4096, పరిమాణం 2048 మెగాబైట్లు ఇచ్చి లోడ్ చేశాను. దాని మీద 63వ సెక్టర్ నుంచి మొదలయ్యే చిన్న ఇమేజి పెట్టి, పక్కపక్క క్లస్టర్లలోకి ఒకేసారి రాసే టెస్ట్ నడిపాను. గంటసేపు ఏమీ రాలేదు. నీరసం వచ్చేసింది.

తర్వాత తట్టింది. మా పాత టెస్ట్ స్క్రిప్టుల్లో వేగం కోసం డిలే (డిస్కు జవాబు ఇచ్చేముందు ఆగే సమయం) సున్నా అని పెట్టుకున్నాం, అదే కాపీ అయి వచ్చింది. చదవడానికి సమయమే పట్టకపోతే రెండు రాతలు ఢీకొనే సందు ఎక్కడుంటుంది? డిలే 5 జిఫీలు (కెర్నల్ గడియారం టిక్కులు) చేశాను. మా కెర్నల్‌లో జిఫీ అంటే 4 మిల్లీసెకన్లు, మొత్తం 20. మళ్లీ నడిపితే నిమిషం లోపలే మొదటి తేడా పడింది. పొడవు 3584 బైట్లు. పక్కన కూర్చున్న ఇద్దర్నీ పిలిచి చూపించాను. నా ఉద్యోగంలో అంత సంతోషపడ్డ రోజులు తక్కువ.

ఇక తప్పు కళ్ల ముందు ఉంది. మొదటి రాత 64–71 బ్లాకుని చదువుకుంటుంది. అది తిరిగి రాసేలోపే రెండోది కూడా అదే పాత బ్లాకుని చదువుకుంటుంది. మొదటిది తన ఏడు సెక్టర్లు కలిపి రాస్తుంది, రెండోది తన ఒక్క సెక్టర్ కలిపి పాత ఏడింటితో సహా పైన రాసేస్తుంది. ఇలా జరగకుండా ఒకే చోటికి వచ్చే రాతల్ని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టే కోడ్ మా దగ్గర ఉంది. కాకపోతే అది గెస్ట్ అడిగిన సెక్టర్లనే పోల్చేది. 63–70కి, 71–78కి ఏ సంబంధమూ లేదని వదిలేసేది. రెండింటినీ ముందు 4096 అంచులకి విస్తరించి ఆ తర్వాత పోల్చాలి. ప్యాచ్ పది లైన్లు కూడా లేదు, ఉన్న లైన్ల వరస మారింది అంతే.

అదే ఊపులో ఇంకో రెండు దొరికాయి. ఇమేజి పరిమాణం 4096 గుణిజం కానప్పుడు చివరి ముక్క రాయలేకపోవడం, రాసే డేటాని ఉంచే మెమరీ బఫర్‌ని 512 అంచునే కేటాయించడం. లోయెస్ట్ అలైన్డ్ అనే ఇంకో ఆప్షన్ కూడా ఉంది, సెక్టర్ సైజ్ 512 ఉంచి, లోపలి బ్లాకుని 8 సెక్టర్లు చేసేలా ఫిజ్ బ్లాక్ ఎక్స్‌ప్ 3 ఇచ్చినప్పుడు దానికి 7 ఇస్తే 63వ సెక్టర్ దగ్గరే అంచు కుదిరే డిస్కులాగా నటిస్తుంది. అలాంటి డిస్కులు తొలిరోజుల్లో నిజంగానే వచ్చాయి.

ఈ మాడ్యూల్‌ని మొదట రాసింది ఎరిక్ యంగ్‌డేల్, 1992లో. బ్లాకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయేమో పట్టుకోవడమే అప్పటి ఉద్దేశం. సోర్స్ ఫైలు పైన ఆ మాట ఇప్పటికీ ఉంది. 2001 నుంచి డగ్లస్ గిల్బర్ట్ పేరు దాని కిందే కనిపిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత నాకు అచ్చంగా అదే పనికి అక్కరకొచ్చింది.

అయితే కొనక్కర్లేదన్నాను గానీ, ర్యామ్ మాత్రం పోతుంది. నిజంగా పెద్ద డిస్కు కావాలంటే కష్టం. వర్చువల్ జీబీ ఆప్షన్‌తో పరిమాణం పెంచి చూపించవచ్చు, కానీ ఉన్న కొద్ది ర్యామ్‌నే చుట్టూ తిప్పి వాడుతుంది. ఒక చోట రాసింది ఇంకో చోట కనిపిస్తుంది. అది మర్చిపోయి ఒక రోజంతా లేని బగ్ వెతికాను. అలైన్‌మెంట్ (అంచుల పొందిక) తప్పితే ఎంత నెమ్మదిస్తుందో కొలవడానికి ఇది అసలు పనికిరాదు, దానికి నిజం డిస్కే కావాలి. డిలే సంగతి పైన చెప్పాను, అంటే పాస్ అయిన టెస్ట్‌ని కూడా పూర్తిగా నమ్మలేం. పైగా రూట్‌గా నడపాలి కాబట్టి ఏ డిస్కు మీద రాస్తున్నామో డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌స్కజీలో పేరు చూసుకోకుండా నేను ఎంటర్ కొట్టను.

వర్చువల్ మెషీన్లు వాడుకునేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు. పార్టిషన్ 2048 దగ్గర మొదలైందో లేదో, హోస్ట్‌లో (వాటిని నడిపే అసలు మెషీన్‌లో) డిస్కుల సెక్టర్ సైజులు చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే టీ కమాండ్ ఏం చూపిస్తోందో చూసుకుంటే సరిపోతుంది. 512 బైట్ల సెక్టర్లు ఇంకా బతికున్న పాత ఇమేజీలతో రోజూ కుస్తీ పట్టే నాలాంటివాళ్లకైతే దీన్ని మించింది నాకు దొరకలేదు. ఫైలునే డిస్కులా చూపే లూప్ డివైస్‌కి కూడా ఇప్పుడు 4096 సెక్టర్ సైజ్ ఇవ్వొచ్చు, మామూలు టెస్టులకి అది తేలిక. డిలే పెంచే వీలు అందులో లేదు, అందుకే నేను దీన్ని వదల్లేదు. ఆ 63వ సెక్టర్ టెస్ట్ ఇప్పటికీ ప్రతి రాత్రీ డిలే 5తోనే నడుస్తుంది. ఆలస్యమవుతోంది, తగ్గించమని ఈమధ్యే ఒకరు అడిగారు. ఆ 3584 బైట్ల కాగితం తీసి చూపించాను.