రెండు వేసవుల రీసెర్చ్ మెంటరింగ్: పాపకి ఏం దక్కింది, ఏం దక్కలేదు

మా పాప తొమ్మిది అయ్యాక ఒకసారి, పది అయ్యాక ఒకసారి వైజాగ్‌లోని ఒక యూనివర్సిటీలో హైస్కూల్ పిల్లల వేసవి రీసెర్చ్ మెంటరింగ్‌కి వెళ్లింది. ఇప్పుడు ఇంటర్ సెకండియర్. మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు తల్లులు "పంపమంటారా?" అని అడుగుతున్నారు. లిఫ్ట్ దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

ముందుగా సర్టిఫికెట్ సంగతి. ఈఏపీసెట్‌లో గానీ జేఈఈలో గానీ దానికి ఒక్క మార్కు కూడా కలవదు. దాని కోసమైతే పంపకండి. మా ఆయన అయితే మొదటి నుంచీ "ఆ డబ్బుతో ఫౌండేషన్ కోర్సు కట్టొచ్చు కదా" అనే అన్నారు, ఇప్పటికీ అంటారు.

పాపకి ఇచ్చిన పని ఇసుక. ఆర్కే బీచ్, జోడుగుళ్లపాలెం, రుషికొండ, భీమిలి... నాలుగు చోట్లా ఇసుక రేణువుల సైజులో తేడా ఏమిటో చూడాలి. అన్నిచోట్లా అల వచ్చి ఆగే గీత దగ్గరే తీయాలి, లేకపోతే పోల్చడానికి పనికిరాదు. తెచ్చింది మంచినీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టి, ఆరబెట్టి, కుప్పపోసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసుకోవాలి. అందులోంచి 100 గ్రాములు తూచి, ఒకదాని మీద ఒకటి పేర్చిన జల్లెడల్లో పోయాలి. పై జల్లెడ కన్నం 2 మిల్లీమీటర్లు, అన్నిటికన్నా కిందిది 63 మైక్రాన్లు. ఒక్కో జల్లెడలో ఎంత మిగిలిందో విడిగా తూచి కూడాలి.

మొదటి రోజు కూడితే 97.6 వచ్చింది. పాప 100 అని రాసేసింది. మెంటర్‌గా ఉన్న పీహెచ్‌డీ అమ్మాయి నోట్‌బుక్ తిరగేసి, "మిగతా 2.4 గ్రాములు ఎవరు తిన్నారే?" అందట. కొంత జల్లెడ కన్నాల్లో ఇరుక్కుంది, కొంత బల్ల మీద పడింది. జల్లెడ బోర్లించి బ్రష్‌తో దులిపి, కింద కాగితం పరిచి, మళ్లీ మొదటి నుంచీ చేయించింది. మూడోసారికి తేడా గ్రాము లోపుకి వచ్చింది. ఆ వారమంతా మా ఇంట్లో కందిపప్పు ప్యాకెట్లు కూడా తూకానికి నిలబడాల్సి వచ్చింది!

నల్ల ఇసుకని అయస్కాంతంతో చూడటం కూడా అక్కడే నేర్చుకుంది. అయస్కాంతాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి తిప్పితే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అంటుకుంటుంది, ఇల్మనైట్ అనే ఇంకో నల్ల ఖనిజం చాలావరకు ఇసుకలోనే ఉండిపోతుంది. గులాబీ రంగు గింజలు గార్నెట్‌ అనే ఖనిజం, మన కొండల ఖోండలైట్ రాయి అరిగి వచ్చినవి.

రెండో వేసవిలో అసలు దెబ్బ తగిలింది. ఆర్కే బీచ్ ఇసుక మిగతావాటికంటే తేడాగా ఉండటం చూసి, అలల ఉధృతి వల్లే అని పాప ముగింపు రాసుకుంది. "అక్కడ కోత ఆపడానికి పోర్టు దగ్గర తవ్విన ఇసుక తెచ్చి పోస్తుంటారు. నువ్వు తూచింది ఏ ఇసుక?" అని ఆ అమ్మాయి అడిగింది. పాప ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఫీజు దండగైపోయిందని నాకూ అనిపించింది. చివరికి ఆ పేరా కొట్టేసి, ఈ కొలతలతో కారణం చెప్పలేం అని రాసింది. స్కూల్లో అలా రాస్తే మార్కులు పోతాయి. ఇక్కడ ఆ పేజీ కిందే టిక్కు పడింది.

ఇక లోపాలు. బ్రోచర్‌లో ఫొటో ఉన్న ప్రొఫెసర్‌గారు మొదటి వేసవి మూడుసార్లు కనిపించారు, రెండో వేసవి ఒక్కసారే. మొదటి ఏడాది ఒక స్కాలర్‌కి ఐదుగురు పిల్లలు, రెండో ఏడాది పదహారు మంది. సగం పూట జల్లెడ కోసం క్యూలోనే గడిచిపోయింది. మధ్యలో ఎవరో ఫోన్ చేసి, ఇంకొంత కడితే పేపర్ జర్నల్‌లో వేయిస్తామన్నారు, అదీ పది రోజుల్లోనే. పాప రిపోర్టు అప్పటికి సగం కూడా కాలేదు! వద్దన్నాం.

తొమ్మిదిలో ఉన్న పిల్లలైతే ఇస్రో వాళ్లు స్కూలు పిల్లల కోసం నడిపే యువిక ప్రోగ్రామ్‌కి కూడా దరఖాస్తు పెట్టండి. ఖర్చు వాళ్లదే, సీట్లే తక్కువ.

మా చిన్నోడు ఈసారి తొమ్మిదిలోకి వస్తున్నాడు. పాపకి నేర్పిన అమ్మాయి పీహెచ్‌డీ అయిపోయి వెళ్లిపోయింది. ఆఫీసుకి ఫోన్ చేసి, ఈ ఏడాది పిల్లల పక్కన రోజూ కూర్చునేదెవరు, ఒక్కొక్కరికి ఎంతమంది అని అడిగాను. "ప్రొఫెసర్‌గారే చూసుకుంటారండీ" అన్నారు. ఇంకా ఫీజు కట్టలేదు.