థెరపీ గదిలోనా, వంటింట్లోనా: చెయ్యి ఎక్కడ బాగా తిరుగుతుంది?

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా అమ్మ కుడిచెయ్యి రచ్చ గెలిచి ఇంట ఓడింది.

పక్షవాతం వచ్చిన మూడో నెల. గుంటూరులో థెరపీ గదిలో అమ్మ తొమ్మిది బెజ్జాల పలకలో తొమ్మిది పుల్లలూ గుచ్చి, మళ్ళీ తీసి పెట్టింది. థెరపిస్టు స్టాప్‌వాచ్ నొక్కి "పోయినసారి కంటే చాలా నయం అమ్మగారూ" అంది. ఆ సాయంత్రమే తెనాలిలో మా వంటింట్లో అమ్మ పోపుల పెట్టె మూత తియ్యబోయింది. డబ్బా జారి ఆవాలు గట్టంతా చిందాయి.

అప్పటినుంచి ఇంట్లో ఒకటే వాదన. అన్నయ్య ఆసుపత్రి మానొద్దంటాడు. అమ్మ ఇక ఇంటిపట్టునే ఉంటానంటుంది. రెండు చోట్లా పక్కనున్నది నేనే కాబట్టి నేను చూసింది రాస్తున్నా.

ఈ వైద్యం పేరు ఆక్యుపేషనల్ థెరపీ. 1950లోనే ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ దీనికి శిక్షణ మొదలుపెట్టారు. మా వైపు మాత్రం ఇప్పటికీ అందరినీ ఫిజియో అనే పిలుస్తారు. జాకెట్టు హుక్కు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, చెంబెత్తి నీళ్ళు పోసుకోవడం, ఇలాంటి రోజువారీ పనులు మళ్ళీ చేతికి తేవడం వీళ్ళ పని. 1994లో విన్నీ డన్, కటానా బ్రౌన్, ఆన్ మెక్‌గ్విగన్ అనే ముగ్గురు అమెరికాలో ఒక సిద్ధాంతం ప్రచురించారు. మనిషి ఏం చెయ్యగలడో ఆ మనిషి ఉన్న సందర్భాన్ని పక్కనపెట్టి కొలవలేం అన్నది దాని సారం. సందర్భంలో వాళ్ళు వస్తువులు, మనుషులు, ఆచారం, కాలం, నాలుగూ కలిపారు. మా ఇంటి గొడవంతా ఆ నాలుగింటిలోనే ఉంది.

ముందు వస్తువులు. థెరపీ గదిలో బల్ల అమ్మ కూర్చునే ఎత్తుకు సరిగ్గా ఉంటుంది, పుల్లలు పొడిగా ఉంటాయి. మా గట్టు దగ్గర నిలబడాలి, మూత జిడ్డుగా ఉంటుంది, పక్కన నూనె కాగుతుంటుంది. అలాగని ఇల్లు ఎప్పుడూ కష్టమే అనుకోవద్దు. ఆక్యుపేషనల్ థెరపీ పరిశోధకురాలు ఆన్ ఫిషర్ బృందం 1994లోనే వయసు మళ్ళినవాళ్ళ చేత ఇంట్లోనూ, క్లినిక్‌లోనూ ఇంటిపనులు చేయించి చూసింది. ఒంటి కదలికల్లో పెద్ద తేడా రాలేదు గానీ, పనిని వరసలో పెట్టుకోవడం, కావలసినది వెతికి తీసుకోవడం ఇంట్లోనే మెరుగ్గా ఉన్నాయి. మరి అమ్మకెందుకు ఎదురు తిరిగింది? ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళలో వదిన వంటిల్లంతా సర్దేసింది. మూతకు పట్టుకునే గుండీ ఉన్న పాత పోపుల పెట్టె అటకెక్కింది, నున్నటి మూతతో కొత్తది వచ్చింది. అంటే అమ్మ తిరిగొచ్చింది తన వంటింటికి కానే కాదు. పాత పెట్టె దించాక నాలుగు రోజుల్లో మూత తీసింది.

మనుషుల దగ్గర ఆసుపత్రికే నా ఓటు. ఇంట్లో అమ్మ గ్లాసు ముట్టుకునేలోపే "మీరు కూర్చోండి అత్తయ్యా, నేనిస్తా" అని వదిన అందుకుంటుంది. ప్రేమే, కాదనను. కానీ చెయ్యి చెయ్యాల్సిన పని చెయ్యకుండానే రోజు గడిచిపోతుంది. థెరపీ గదిలో పక్క కుర్చీలో రేపల్లె నుంచొచ్చిన పెద్దాయన పుల్లలు గుచ్చుతుంటే అమ్మకు పౌరుషం వస్తుంది. ఇంకొకటి, చెయ్యి లేవకపోతే అమ్మ భుజం ఎగరేసి లేపుతుంది. ఆ దొంగకదలిక థెరపిస్టు కంట్లో పడుతుంది, మాకు కనిపించదు.

ఆచారం దగ్గరికొస్తే ఆసుపత్రి చేతులెత్తేసింది. ఎడంచేతికి చెంచా ఇచ్చి తినమన్నారు. అమ్మ ముట్టలేదు. అరవై ఏళ్ళు కుడిచేత్తో తిన్న మనిషి ఎడంచేత్తో ఎలా తింటుంది? ఇంటికొచ్చిన ఇంకో థెరపిస్టు చెంచా కాడకు మెత్తటి గుడ్డ లావుగా చుట్టి కుడిచేతికే ఇచ్చింది. తర్వాత చెంచా తీసేసి ముద్దపప్పు అన్నం పెట్టమంది, అది తేలిగ్గా ముద్దకడుతుంది కదా. పప్పన్నం అయ్యాక కూర, అదయ్యాక పెరుగన్నం. చారన్నం ఇంకా నేల పాలవుతూనే ఉంది. మణికట్టు తిప్పడానికీ ఇదే దారి: ఉత్త కసరత్తు కాదు, అసలు పని చేయించాలి. సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టుతప్పే స్థితి) ఉన్న పిల్లలు ఊరికే చెయ్యి తిప్పమంటే తిప్పినదానికన్నా, డ్రమ్ములు వాయించమంటే ఎక్కువ తిప్పారని 1991లో ఒక పరిశోధన చూపింది. అమ్మ చేతికి కవ్వమిచ్చి మజ్జిగ చిలకమన్నప్పుడు ఆ మాట నిజమనిపించింది.

కాలం సంగతి చిన్నదే. పదకొండున్నరకు అపాయింట్‌మెంటు, అప్పటికే బస్సులో ఒళ్ళు హూనం. ఇంట్లో అయితే తెల్లవారుజామున పాలు కాచే వేళకు చెయ్యి తేలిగ్గా ఉంటుంది.

కాబట్టి మా లెక్క ఇదీ. మొదటి నెలా నెలన్నర ఆసుపత్రే మేలు. భుజం జారకుండా చూడటం, మంచం మీంచి కుర్చీలోకి దించడం ఇంట్లోవాళ్ళు సొంతంగా ప్రయోగాలు చేసే పనులు కావు. తర్వాత స్నానం, తిండి, బట్టలు, వంట అన్నీ ఇంట్లోనే నేర్వాలి. బాత్‌రూంలో ప్లాస్టిక్ స్టూలు, గోడకు కడ్డీ, గట్టు బదులు డైనింగ్ టేబుల్ మీద ఇండక్షన్ స్టవ్వు, ఇవి థెరపీ గదిలో కూర్చుంటే తట్టవు. అయితే చేతిలో గ్లాసు లాక్కునే ఇల్లయితే ఆసుపత్రి మానొద్దు. వదినకు ఈ ముక్క చదివి వినిపించాను, నవ్వి ఊరుకుంది.

మూడోదారి థెరపిస్టే చెప్పింది: ఇంటి సామాను గదికే తెమ్మంది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి సంచిలో పోపుల పెట్టె, చెంబు, కవ్వం, హుక్కుల జాకెట్టు వేసుకుని గుంటూరు బస్సెక్కుతున్నాం. మొన్న గిన్నెల చప్పుడు విని పక్క సీటావిడ "పెళ్ళివంటలకా?" అని అడిగింది. అమ్మ అవునంది.