గిట్ రిపాజిటరీ చెడిపోతే ఏది మేలు: మళ్లీ క్లోన్ చేసుకోవడమా, ఉన్నదాన్ని బాగుచేసుకోవడమా?

ఈదురుగాలి లేచిన ఒక వేసవి సాయంత్రం కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే గిట్‌లో నేను కమిట్ ఆదేశం (చేసిన మార్పులను ఆ చరిత్రలో నమోదు చేసేది) ఇచ్చి ఎంటర్ నొక్కానో లేదో కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునేలోగా, ఆ రెప్పపాటులోనే, డెస్క్‌టాప్ ఆగి మళ్లీ మొదలైంది. ఆ తరువాత గిట్ స్టేటస్ అడిగినా, లాగ్ అడిగినా ఒకటే జవాబు: ఫలానా ఆబ్జెక్ట్ ఫైలు ఖాళీగా ఉంది, లూజ్ ఆబ్జెక్ట్ (విడి ఫైలుగా ఉండే ఆబ్జెక్ట్) కరప్ట్ అయింది. సర్వర్‌కు ఇంకా పుష్ చేయని, అంటే పంపని కమిట్లు మూడు, స్టాష్‌లో దాచుకున్న సగం పని ఒకటి ఆ రిపాజిటరీలోనే (కోడ్, దాని చరిత్ర కలిసి ఉండే ఫోల్డర్‌లోనే) ఉన్నాయి.

ఈ ఎర్రర్ ఎందుకు వస్తుందో తెలిస్తే ఏ దారి పట్టాలో తేల్చుకోవడం సులువవుతుంది. గిట్ ప్రతి ఫైలులోని విషయాన్నీ, ప్రతి కమిట్‌నూ ఒక ఆబ్జెక్ట్‌గా దాస్తుంది. ఆ విషయం నుంచే షా-1 పద్ధతిలో లెక్కకట్టిన 40 హెక్సాడెసిమల్ అంకెలు దానికి పేరవుతాయి. గిట్ తన డేటా దాచుకునే డాట్‌గిట్ (.git) ఫోల్డర్‌లోని ఆబ్జెక్ట్స్ ఫోల్డర్ తెరిచి చూస్తే మొదటి 2 అంకెలు ఉపఫోల్డర్ పేరుగా, మిగిలిన 38 ఫైలు పేరుగా కనిపిస్తాయి. కరెంటు పోయిన క్షణంలో ఫైలు పేరు డిస్కుకు చేరి, అందులోని డేటా మాత్రం ఇంకా మెమరీలోనే ఉండిపోతే, పేరున్నా లోపల ఒక్క బైటు కూడా లేని ఫైలు మిగులుతుంది. చెడేవి చాలా వరకు చివరి నిమిషంలో రాసిన ఫైళ్లే కాబట్టి, వాటికి ముందున్న చరిత్ర సాధారణంగా క్షేమంగానే ఉంటుంది.

ఇలాంటప్పుడు పక్క సీటు వాళ్లు ఎవరైనా చెప్పే మొదటి మాట, ఫోల్డర్ డిలీట్ చేసి ఫ్రెష్‌గా క్లోన్ చేసుకోమని, అంటే సర్వర్ నుంచి కొత్త కాపీ తెచ్చుకోమని. పనంతా పుష్ అయిపోయి ఉంటే అంతకు మించిన సలహా లేదు. అయిదు నిమిషాల్లో పని తేలిపోతుంది, చేతికొచ్చిన రిపాజిటరీ మీద అనుమానం కూడా ఉండదు. అయితే క్లోన్ తెచ్చేది సర్వర్‌లో ఉన్నదాన్ని మాత్రమే. పుష్ చేయని కమిట్లు, స్టాష్, రిఫ్లాగ్ (బ్రాంచిలు ఎప్పుడు ఎక్కడికి కదిలాయో చెప్పే చిట్టా), మీరు రాసుకున్న హుక్స్ (గిట్ తనంతట నడిపే స్క్రిప్టులు), ఆ రిపాజిటరీకే పెట్టుకున్న సెట్టింగులు అందులో రావు. గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) చేర్చిన ఫైళ్లు కూడా రావు. పాస్‌వర్డులు పెట్టుకునే ఈఎన్‌వీ ఫైలు ఏమైందన్నది చాలామందికి పాత ఫోల్డర్ చెరిపేశాకే గుర్తొస్తుంది.

రెండో దారి ఉన్నచోటనే మరమ్మతు చేయడం. దీనికి ముందు డాట్‌గిట్‌తో సహా ఫోల్డర్ మొత్తాన్ని వేరేచోటికి కాపీ చేసుకోవాలి. ఈ పని చేయనివాళ్లు మరమ్మతు జోలికి పోకపోవడమే మంచిది. తరువాత సున్నా బైట్ల ఆబ్జెక్ట్ ఫైళ్లను తీసివేసి, రిపాజిటరీని తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే (fsck) ఆదేశంతో ఇంకా ఏమేమి లోపించాయో చూడాలి. హెడ్ (మీరిప్పుడు ఉన్న చోటును సూచించే గుర్తు) చూపే కమిట్టే పోయి ఉంటే, డాట్‌గిట్‌లోని లాగ్స్ ఫోల్డర్‌లో ఉండే హెడ్ ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరవవచ్చు. అందులో ప్రతి వరుసలోనూ పాత కమిట్ సంఖ్య, కొత్త కమిట్ సంఖ్య, సమయం, సందేశం ఉంటాయి. చివరి వరుస చెత్తగా ఉంటే దాని పై వరుస చూసి, అప్‌డేట్-రెఫ్ ఆదేశంతో బ్రాంచిని (కమిట్ల వరుసకు పెట్టిన పేరును) చివరి మంచి కమిట్‌కు తిప్పాలి. ఇండెక్స్ (తరువాతి కమిట్‌లోకి వెళ్లే ఫైళ్ల జాబితా) కూడా చెడి ఉంటే దాన్ని తీసేసి, హార్డ్ అన్న మాట చేర్చకుండా ఉత్త రీసెట్ ఇస్తే మీ ఫైళ్లను ముట్టుకోకుండానే అది మళ్లీ తయారవుతుంది.

పోయినది ఒక ఫైలు తాలూకు ఆబ్జెక్ట్ అయి, ఆ ఫైలు మీ ఫోల్డర్‌లో మార్పులేకుండా ఉంటే, హ్యాష్-ఆబ్జెక్ట్ ఆదేశాన్ని డబ్ల్యూ ఆప్షన్‌తో ఇవ్వడమే చాలు. విషయం అదే కాబట్టి పేరూ అదే వస్తుంది, ఖాళీ తనంతట తానే పూడుతుంది. సర్వర్‌లో ఉన్న పాత ఆబ్జెక్టులు పోయినప్పుడు మామూలు ఫెచ్ (సర్వర్ నుంచి కొత్తవాటిని తెచ్చుకోవడం) పనిచేయకపోవచ్చు, ఎందుకంటే ఆ కమిట్లు తన దగ్గర ఉన్నాయనే గిట్ అనుకుంటుంది. 2022లో వచ్చిన 2.36 వెర్షన్‌లో చేర్చిన రీఫెచ్ ఆప్షన్ అన్నిటినీ మొదటి నుంచి తెస్తుంది.

ఈ రెంటికీ నడుమ మూడో దారి ఉంది, నా దృష్టిలో ఎక్కువమందికి పనికొచ్చేది ఇదే. పక్కన కొత్తగా క్లోన్ చేసి, చెడిన డాట్‌గిట్‌ను పేరు మార్చి దాచి, కొత్త డాట్‌గిట్‌ను పాత ఫోల్డర్‌లో పెట్టడం. మీరు పనిచేస్తున్నది వేరే బ్రాంచి అయితే చెకౌట్ చేయకుండా (ఫైళ్లను మార్చకుండా), ముందు సర్వర్‌లోని ఆ బ్రాంచి నుంచి అదే పేరుతో ఇక్కడ బ్రాంచి తయారుచేసి, సింబాలిక్-రెఫ్‌తో హెడ్‌ను దానివైపు తిప్పి, ఉత్త రీసెట్ ఇవ్వాలి. పుష్ చేయని పనంతా అప్పుడు మార్పుల రూపంలో స్టేటస్‌లో కనబడుతుంది. కోడ్ దక్కుతుంది గానీ కమిట్ల మధ్య గీతలు చెరిగిపోతాయి. మూడు కమిట్లు ఒకే ముద్దగా వస్తాయి.

ఆ గీతలు అవసరం లేనివారు మూడో దారిలో వెళ్లడమే మేలు. నా మూడు కమిట్లలో ఒకటి మాత్రం విడిగా రిలీజ్‌లోకి వెళ్లవలసిన బగ్ సవరణ కావడంతో నేను మరమ్మతునే ఎంచుకున్నాను. ఖాళీ ఫైళ్లు అయిదు దొరికాయి. అయిదూ సగంలో ఆగిన ఆ నాలుగో కమిట్‌వే. వాటిని తీసి, బ్రాంచిని ఒక మెట్టు వెనక్కి తిప్పి, ఆ కమిట్‌ను మళ్లీ చేశాను. స్టాష్‌ను ఒక బ్రాంచిగా మార్చి అన్నిటినీ పుష్ చేశాక, బాగుపడిన రిపాజిటరీని కూడా పక్కనపెట్టి కొత్తగా క్లోన్ చేసుకున్నాను. అంతా కలిపి గంటన్నర పట్టింది, అందులో సగం కాపీ పూర్తయ్యేదాకా చూడడానికే.

కరెంటు పోకుండానే ఈ ఎర్రర్ పదేపదే వస్తుంటే పై మూడింటిలో ఏదీ మందు కాదు. డిస్కు చెడిపోతూ ఉండవచ్చు, లేదా రిపాజిటరీని వన్‌డ్రైవ్ వంటి సింక్ ఫోల్డర్‌లో పెట్టి ఉండవచ్చు. ముందు అది చూసుకోవాలి. కరెంటు కోతే కారణమైతే, అదే 2.36తో వచ్చిన కోర్ ఎఫ్‌సింక్ సెట్టింగ్ ఉంది. చాలా సిస్టమ్‌లలో వేగం కోసం లూజ్ ఆబ్జెక్టులను వెంటనే డిస్కుకు దించరు. దాని విలువను ఆల్ అని మార్చాక నా కమిట్లు కొద్దిగా నెమ్మదించాయి.