ఫరామీర్ విషయంలో మాత్రం క్షమించలేను

టోల్కీన్ నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ఆధారంగా పీటర్ జాక్సన్ తీసిన మూడు సినిమాల్లో రెండోదైన 'ది టూ టవర్స్' మీద నా గొడవంతా ఒక్క పాత్ర గురించే, గోండోర్ రాజ్యపు సేనాని ఫరామీర్. హెల్మ్స్ డీప్ యుద్ధం, గొల్లమ్ గురించి అందరూ చెప్పేశారు, కొత్తగా నేను కలిపేదేమీ లేదు. 2002లో విడుదలైనప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, ఇకముందూ చూస్తాను. దుష్టుడు సౌరాన్ చేసిన మాయా ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్తున్నవాడు ఫ్రోడో, హాబిట్లనే పొట్టి జాతివాడు. జలపాతం వెనక గుహలో ఫరామీర్ కత్తిమొనతో అతని మెడలోని ఆ ఉంగరాన్ని పైకెత్తగానే మాత్రం ఒళ్ళు మండుతుంది.

పుస్తకంలో ఆ ఘట్టం తీరే వేరు. ఫ్రోడోకి తోడుగా వచ్చిన శామ్ నోరు జారి ఉంగరం సంగతి బయటపెట్టేస్తాడు. తన సత్తా చూపించే అవకాశం దొరికిందంటూ ఫరామీర్ లేచి నిలబడతాడు. గుహంతా నిశ్శబ్దం. హాబిట్లిద్దరూ గోడకి వీపు ఆనించి కత్తుల కోసం తడుముకుంటారు. అప్పుడతను మళ్ళీ కూర్చుని మెల్లగా నవ్వుతాడు. దారిలో పడి ఉన్నా ఆ వస్తువుని తీసుకోనని అంతకుముందే అన్నాడు, ఆ మాట మీదే నిలబడతాడు. ఉంగరానికి ఆశపడి అన్న బోరోమీర్ ఓడిపోయిన పరీక్షలో తమ్ముడు గెలవడం చదివి పొంగిపోయిన వాళ్లలో నేనొకణ్ణి. తన పాత్రల్లో ఎవరైనా తనలా ఉన్నారంటే అది ఫరామీరేనని టోల్కీన్ ఒక ఉత్తరంలో రాసుకున్నాడు కూడా.

సినిమాలోనూ ఆ సత్తా డైలాగు ఉంది, అర్థమే తలకిందులైంది. ఇక్కడతను ఉంగరాన్ని తండ్రికి పంపాలనుకుని ఫ్రోడోని గోండోర్‌లోని శిథిల నగరం ఓస్గిలియత్ దాకా ఈడ్చుకెళ్తాడు. అందరినీ లాగేసే ఉంగరాన్ని ఇతనొక్కడు సులువుగా కాదంటే దాని బలం తేలిపోతుందన్నది స్క్రీన్‌ప్లే రాసినవాళ్ల వాదన. మొదటి భాగంలో ఫ్రోడోతో కలిసి నడిచిన వీరుడు అరగోర్న్ కూడా ఉంగరం వద్దన్నాడు కదా, అక్కడ ఏం తేలిపోయింది? రెండో కారణం మాత్రం కొంత ఒప్పుకోవాలి. షెలాబ్ సాలీడు ఘట్టాన్ని మూడో సినిమాకి జరిపేశారు, దాంతో ఫ్రోడో కథకి ఇక్కడ వేరే అడ్డంకి కావాల్సొచ్చింది. సరే, కానీ ఓస్గిలియత్‌లో ఫ్రోడో ఏకంగా సౌరాన్ సేవకుడైన నాజ్గూల్ ఎదుటే ఉంగరంతో నిలబడతాడు. ఆ తర్వాత కూడా సౌరాన్‌కి ఏమీ తెలియదంటే ఎలా నమ్మేది?

మరుసటి ఏడాది వచ్చిన ఎక్స్‌టెండెడ్ వెర్షన్ నా కోపాన్ని సగం తగ్గించింది. అందులో ఓస్గిలియత్‌ని తిరిగి గెలిచిన రోజు ఫ్లాష్‌బ్యాక్‌గా వస్తుంది. తండ్రి డెనెథోర్ పెద్దకొడుకుని ఆకాశానికెత్తుతాడు, చిన్నవాణ్ణి అందరి ముందూ చులకన చేస్తాడు. బోరోమీర్ తమ్ముడి తరఫున మాట్లాడినా లాభం ఉండదు. ఆ ముఖం చూశాక, ఈ మనిషికి ఉంగరం ఎందుకు కావాల్సొచ్చిందో మొదటిసారి అర్థమైంది. పుస్తకంలోని ఫరామీర్ కాదు, కానీ మనిషే. ఇంత కీలకమైన సీన్‌ని థియేటర్ ప్రింట్ నుంచి ఎలా తీసేశారో!

ఇంకో చిక్కుంది. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చింది చివర్లో శామ్ మాటలు, పాత కథల్లో వాళ్లు వెనక్కి తిరిగిపోయే అవకాశం ఉన్నా పోలేదని చెప్పే చోటు. పుస్తకంలో ఆ సంభాషణ కొండల్లోని సిరిత్ ఉంగోల్ మెట్ల దగ్గర, తీరిగ్గా నడుస్తుంది. సినిమా దాన్ని ఓస్గిలియత్ శిథిలాల్లోకి తెచ్చింది. అంటే నేను తిట్టుకునే మార్పు లేకపోతే నాకిష్టమైన సీన్ ఈ రూపంలో ఉండేదే కాదు. అలాగని దానికీ పూర్తి మార్కులు వేయలేను. ఆ నాలుగు మాటలు వినగానే, శిక్షగా తన ప్రాణం పోయినా సరేనని ఫరామీర్ వాళ్లని వదిలేయడం చూసిన ప్రతిసారీ మరీ తొందరగా అనిపిస్తోంది.

నేను పుస్తకం చదివాక సినిమాకి వెళ్లినవాణ్ణి, నా కొలత అదే. ముందు సినిమా చూసిన స్నేహితుడికి ఫరామీరే ఇష్టమైన పాత్ర, తడబడి తేరుకున్నాడు కాబట్టి. అతనితో వాదించి గెలవలేకపోయాను. చూసేవాళ్లు మాత్రం ఓపికుంటే ఎక్స్‌టెండెడ్ వెర్షనే చూడండి, దాదాపు నాలుగు గంటలు పడుతుంది.