సెంటిమెంట్ అనాలిసిస్ సాధనాలు: అభిప్రాయ వ్యాసాల మీద ఏళ్లపాటు వాడాక

వచ్చిన అభిప్రాయ వ్యాసాలను, పాఠకుల ఉత్తరాలను జల్లెడ పట్టి, ఏది ఏ పక్షమో పట్టికలో రాసిపెట్టడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఆ పని తేలికవుతుందని కొన్నేళ్లుగా మూడు రకాల సెంటిమెంట్ అనాలిసిస్ సాధనాలు, అంటే రచనలోని భావం అనుకూలమా ప్రతికూలమా అని అంకెల్లో చెప్పేవి, వాడుతున్నాను. ఒకటి పదాల జాబితా మీద నడిచేది. మరొకటి ఉదాహరణలతో శిక్షణ ఇచ్చిన భాషా నమూనా. మూడోది నెలనెలా చందా కట్టే సేవ. "పార్సిల్ ఆలస్యంగా వచ్చింది, డబ్బు వెనక్కి ఇవ్వండి" లాంటి రెండు ముక్కల ఫిర్యాదులకు మూడూ పనికొస్తాయి, ఆ మేరకు వంక పెట్టను. వాదన ఉన్న రచన దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూడూ ఒకే చోట బోల్తా పడుతున్నాయి. అవి కొలిచేది రచనలోని ఆవేశాన్ని. నాకు తెలియవలసింది రచయిత దేని వైపు ఉన్నారన్నది.

"గ్రంథాలయాల నిధులు కోయడం సిగ్గుచేటు. దిక్కులేని విద్యార్థికి ఉన్న ఒక్క ఆసరానూ నాశనం చేస్తున్నారు" అని ఒకరు రాశారనుకోండి. సిగ్గుచేటు, దిక్కులేని, నాశనం: సాధనం దీన్ని తీవ్ర ప్రతికూలం అంటుంది. స్వరం వరకు అది నిజమే. అయితే ఆ అంకె నా పట్టికలో "గ్రంథాలయాలు" అనే అంశం ఎదుట పడుతుంది. అలాంటి ఉత్తరాలు ఓ వంద చేరితే, జనానికి గ్రంథాలయాలంటే గిట్టడం లేదని గ్రాఫ్ గీసి చూపిస్తుంది. అందులో ప్రతి ఉత్తరమూ గ్రంథాలయాల మీద ప్రేమతో రాసినదే! ఇక వ్యంగ్యం సంగతి చెప్పనక్కరలేదు. "ఏడాదికే ఇంత అందంగా కూలిపోయే వంతెన కట్టడం సామాన్యమైన ప్రతిభ కాదు" అన్న వాక్యానికి మంచి మార్కులే పడతాయి.

పదాల జాబితా సాధనాల్లో ఎక్కువమంది చేతిలో ఉండేది 2014లో వచ్చిన వేడర్. దాదాపు 7,500 పదాలకు, చిహ్నాలకు పదేసి మంది −4 నుంచి +4 వరకు వేసిన మార్కుల సగటు దాని మూలధనం. లోపల నియమాలు బాగానే ఆలోచించి పెట్టారు. ఒక పదానికి ముందున్న మూడు పదాల్లో "కాదు" అనే అర్థమిచ్చే మాట ఉందేమో చూస్తుంది. ఇంగ్లీషులో "కానీ" అనే మాట తగిలితే దాని ముందున్న భావాల బరువు సగానికి తగ్గించి, తర్వాతి వాటికి ఒకటిన్నర రెట్లు ఇస్తుంది. ఇదంతా సోషల్ మీడియా వాక్యాలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు. అభిప్రాయ వ్యాసం నడక వేరు. మంచి వాదకులు ముందు ఎదుటివారి మాటనే, వారికంటే బాగా, రెండు పేరాల్లో చెప్తారు. మూడో పేరాలో దాన్ని తిప్పికొడతారు. ఎదుటివారి నుంచి అరువు తెచ్చుకున్న మాటలన్నీ సాధనం లెక్కలో రచయిత మాటలే.

ఇంకో చిక్కు వాడితే తప్ప కనిపించదు. పదాల మార్కులన్నీ కూడి, చివర ఒక సూత్రంతో −1, +1 మధ్యకు కుదిస్తారు. ఒక్క వాక్యానికి అది సబబే. పెద్ద వ్యాసాన్ని గంపగుత్తగా ఇచ్చారా, కూడిక పెరిగిపోయి ఫలితం 0.99 దగ్గరో −0.99 దగ్గరో అతుక్కుంటుంది. నింపాదిగా తర్కించిన వ్యాసం కూడా ఉన్మాదంలా కనిపిస్తుంది. అందుకే వాక్యాలు విడగొట్టి ఇస్తాను. అప్పుడు అంకెలు నెమ్మదిస్తాయి కానీ వాదన ముక్కలైపోతుంది.

విషయాన్ని బట్టి మాట బరువు మారడం మరో సమస్య. 2011లో లౌరన్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు కంపెనీల వార్షిక నివేదికలను పరిశీలించి, సాధారణ నిఘంటువు ప్రతికూలమని లెక్కించిన మాటల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆర్థిక రచనలో ప్రతికూలమే కావని చూపారు. పన్ను, ఖర్చు లాంటివి అక్కడ రోజువారీ మాటలు. అంతకుముందే, 2002లో, సమీక్ష మెచ్చుకుంటోందా తిడుతోందా అని తేల్చడానికి పీటర్ టర్నీ అనే పరిశోధకుడు పెట్టిన పద్ధతి కార్ల సమీక్షల్లో 84 శాతం సరిగ్గా చెప్పి, సినిమా సమీక్షల్లో 66 శాతం దగ్గర ఆగిపోయింది. మంచి సినిమాలోనూ చెడు సంఘటనలు ఉంటాయి కదా. నా దగ్గర క్యాన్సర్ చికిత్సలో పురోగతిని మెచ్చుకునే వ్యాసాలకు పట్టే గతి కూడా ఇదే.

శిక్షణ పొందిన నమూనాలు ఈ పొరపాట్లు కొంత తగ్గిస్తాయి, ఒప్పుకుంటాను. కానీ వాటి చదువు ఎక్కడ సాగిందో చూడండి. ఈ రంగంలో బాగా వాడే 2011 నాటి ఐఎండీబీ (సినిమాల వెబ్‌సైట్) సేకరణలో 50,000 సినిమా సమీక్షలున్నాయి. పదికి నాలుగు లేదా తక్కువ మార్కులు వేసినవి ప్రతికూలం, ఏడు లేదా ఎక్కువ వేసినవి అనుకూలం. అయిదు, ఆరు వేసినవాటిని ఆ వర్గాల్లో చేర్చనే లేదు. కొంత ఒప్పుకుని కొంత కాదనే మనిషిని చూడకుండా పెరిగిన నమూనాకు, అదే పనిగా అలా రాసే వ్యాసకర్తను అప్పగిస్తున్నాం. పైగా బాగా వాడుకలో ఉన్న బెర్ట్ అనే భాషా నమూనా, దాని తరహావి ఒక విడతలో 512 టోకెన్లే (మాటలను విరిచిన ముక్కలే) చదువుతాయి. తెలుగు మాట ఒక్కోటి అనేక టోకెన్లుగా విరుగుతుంది కాబట్టి వ్యాసం మొదటి భాగంతోనే ఆ కోటా అయిపోతుంది. తీర్పు చివరి పేరాలో ఉంటే దాన్ని చూసే నాథుడు లేడు.

చందా సేవ మీద నాకున్న కోపం వేరు. అది "తటస్థం, నమ్మకం 0.97" అని చెప్పి ఊరుకుంటుంది. తెలిసిందేమిటంటే, పొగడ్తా తెగడ్తా సరిసమానంగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నా దానికి తటస్థమే, అసలు అభిప్రాయమే లేని ప్రకటనా తటస్థమే. ఆ గదిలో పడేవాటిలో మా దగ్గరకొచ్చే పదునైన వ్యాసాలు చాలా ఉంటాయి. ఎందుకలా అని సహాయ విభాగానికి రాస్తే, ఇంకా ఎక్కువ వ్యాసాలు పంపితే సగటు కుదురుతుందన్నారు. ఒకే వైపు తప్పే కొలత సగటుతో ఎలా కుదురుతుందో వారికే తెలియాలి.

పరిశోధకులకు ఈ తేడా కొత్తది కాదు. భాషను అర్థం చేసుకునే ప్రోగ్రాములకు పెట్టే సెమ్‌ఎవాల్ అనే పోటీలో, 2016లో, ఇచ్చిన అంశానికి రచయిత అనుకూలమా వ్యతిరేకమా అని తేల్చడాన్ని సెంటిమెంటు నుంచి విడదీసి వేరే పరీక్షగా పెట్టారు. ఇప్పటి పెద్ద భాషా నమూనాలను ఆ ప్రశ్నే సూటిగా అడిగితే, వ్యంగ్యాన్ని సైతం చాలాసార్లు పట్టుకుంటున్నాయి. ప్రశ్న మాటలు కాస్త మార్చితే జవాబు మారడం కూడా చూస్తున్నాను. అందుకని జవాబుతో పాటు దానికి ఆధారమైన వాక్యాన్ని ఎత్తి చూపమంటాను. చూపలేకపోతే ఆ వ్యాసం మనిషి చేతికి వెళ్తుంది.

పాత సాధనాలను పూర్తిగా వదిలేయలేదు. పట్టికలో వాటి గడికి "అభిప్రాయం" అన్న పేరు తీసేసి "స్వరం" అని పెట్టాను. వ్యాసం చదివేవారు తమ నిర్ణయం రాసేదాకా ఆ గడి కనబడదు, ఎందుకంటే ముందే అంకె చూసినవారు దాని వైపు ఒరుగుతున్నారు. చందా మాత్రం చిన్న ఫిర్యాదుల వరకే కొనసాగిస్తున్నాను.