యూలర్ హైలోడ్ ట్రాలీ ఆటో: లోడుకు గట్టిదే, కొనేముందు కిందకి వంగి చూడండి

ఢిల్లీ స్టార్టప్ యూలర్ మోటార్స్ 2021 అక్టోబరులో సరుకు మోసే మూడు చక్రాల ఎలక్ట్రిక్ బండి హైలోడ్‌ను సుమారు మూడున్నర లక్షల ధరకు తెచ్చింది. అప్పటికే రోడ్డు మీదున్న మహీంద్రా ట్రియో జోర్‌కు 7.37 యూనిట్ల బ్యాటరీ, 42 న్యూటన్ మీటర్ల టార్కు (చక్రాన్ని తిప్పే బలం), 550 కేజీల లోడు. హైలోడ్‌కు 12.4 యూనిట్లు, 88.55 న్యూటన్ మీటర్లు, 688 కేజీలు. కొత్త కంపెనీ పాత కంపెనీ కంటే పెద్ద అంకెలు వేసుకోవడం మామూలే. కానీ ఇక్కడ అంకెల వెనక సరైన ఇంజినీరింగ్ ఉంది, ముఖ్యంగా బ్యాటరీని చల్లబరిచే విషయంలో. బలం పెరిగినకొద్దీ ఆ భారం ఇరుసు, టైర్లు, కనెక్టర్ల మీద పడుతుంది. ఈ బండిని చూడాల్సింది అక్కడే. ఇందులోని లెక్కలన్నీ మొదటి మోడల్‌వి.

688 కేజీలంటే ఎంతో ముందు చూద్దాం. నిండిన 20 లీటర్ల వాటర్ క్యాన్ 21 కేజీలనుకుంటే 32 క్యాన్లు. 25 కేజీల టమాటా ట్రేలైతే 27. మార్కెట్ యార్డులో 40 ట్రేలు ఎక్కించడం రోజూ చూసేదే, అది వెయ్యి కేజీలు. మోటారు లాగుతుంది, అదే చిక్కు. డీజిల్ బండిలో క్లచ్ జారి, ఇంజిను గొంతు మారి, లోడు ఎక్కువైందని డ్రైవరుకు తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ మోటారు సున్నా వేగం నుంచే పూర్తి టార్కు ఇస్తుంది కాబట్టి ఓవర్‌లోడు సంగతి బయటికి తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగి మళ్లీ కదిలించిన ప్రతిసారీ ఆ దెబ్బ డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు బలం పంచే గేరు డబ్బా) పళ్ల మీద, డ్రైవ్ షాఫ్టు జాయింట్ల మీద పడుతుంది. కదిలేటప్పుడు వెనక నుంచి 'టక్' మని వినిపిస్తే అరుగుదల మొదలైనట్టే.

రేంజి సర్టిఫికెట్‌లో 151 కిలోమీటర్లు, అంటే యూనిట్‌కు 12 కిలోమీటర్లు. నిండు లోడుతో, సిగ్నళ్ల మధ్య నడిస్తే 9కి లెక్కేసుకోండి. చివరి పది శాతం ముట్టకుండా ఉంటే వంద కిలోమీటర్లు వస్తాయి. ఛార్జింగ్‌లో పోయేది కలిపి నిండుగా ఎక్కడానికి మీటరు మీద 14 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే కిలోమీటరుకు రూపాయి పైచిలుకు. డీజిల్ ట్రాలీ లీటరుకు 28 కిలోమీటర్లు ఇచ్చినా, డీజిల్ 95 రూపాయల దగ్గరుంటే కిలోమీటరు మూడు రూపాయలు దాటుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగే బండికి నాలుగు వేలకు పైనే మిగులు. నెలకు 800 తిరిగే బండికైతే కిస్తీ ముందు ఈ మిగులు ఏ మూలకూ రాదు.

ఇక కూలింగ్. లిథియం సెల్స్‌కు 15 నుంచి 35 డిగ్రీల మధ్య హాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గాలే 44 డిగ్రీలు ఉన్నప్పుడు, గాలితో చల్లబడాల్సిన బ్యాటరీకి దిక్కేది? మధ్యాహ్నం ట్రిప్పు దిగి వెంటనే ప్లగ్గు పెడితే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఛార్జింగ్ వేగం తగ్గించేస్తుంది, ఒక్కోసారి ఆపేస్తుంది. రెండో ట్రిప్పు అక్కడే పోతుంది. హైలోడ్‌లో కూలెంటు బ్యాటరీ ప్యాక్‌లో తిరిగి వేడిని బయటికి తెస్తుంది. మన ఎండలకు ఈ ఒక్క నిర్ణయం కోసమే ఈ బండిని మెచ్చుకోవాలి.

అయితే పంపు, పైపులు, క్లిప్పులు, రేడియేటరు అదనంగా వచ్చి చేరాయి. వారానికోసారి, బండి పూర్తిగా చల్లారాక, కూలెంటు ట్యాంకులో మట్టం చూడాలి. తగ్గితే కారిన చోటు వెతకాలి. పైపు క్లిప్పు దగ్గర ఎండిన తెల్లటి మరక కనిపిస్తే లీకు అక్కడే. కుళాయి నీళ్లు మాత్రం పోయకండి. బోరు నీళ్లలోని లవణాలు సన్నటి దారుల్లో పొరలా పేరుకుంటాయి, అల్యూమినియాన్ని తింటాయి. కంపెనీ చెప్పిన కూలెంటే పోసి, గాలి బుడగలు తీయించాలి. గాలి ఇరుక్కుంటే ట్యాంకు నిండుగా కనిపిస్తుంది, కూలెంటు మాత్రం తిరగదు. రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న దుమ్మును తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగిస్తే చాలు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి: బ్యాటరీకి ఐపీ67 ఉంది కదా అని వాషింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ కింద పెట్టేస్తున్నారు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవడం. ప్రెషర్ జెట్టు పరీక్ష పూర్తిగా వేరు. పైగా ఆ రేటింగు బ్యాటరీ డబ్బాకే, పక్కనున్న ప్రతి కనెక్టరుకూ కాదు. వరద నీళ్లలో నడిపాక డిఫరెన్షియల్ ఆయిల్ తప్పక చూపించండి. వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారి చల్లబడితే బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) గుండా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే అదే రోజు మార్చాలి.

ముందు ఒంటి చక్రం ఉన్న ఏ బండికైనా ప్రమాదం మలుపులో బ్రేకు వేసినప్పుడే. బరువు ముందుకూ పక్కకూ ఒకేసారి జరుగుతుంది, ఆ మూల కింద చక్రం లేదు. హైలోడ్‌కు ముందు 200 మిల్లీమీటర్ల డిస్కు బ్రేకు ఉండటం మంచిదే కానీ, వేగం మలుపు ముందే తగ్గించాలి. బరువైనవి కింద, వెనక ఇరుసుకు కాస్త ముందుకు సర్దండి. ఇరుసు దాటి వెనక్కి పెడితే ముందు చక్రం తేలిపోతుంది, ఎక్కుడులో హ్యాండిల్ మాట వినదు. ఇంకొకటి: మోటారుతో వేగం తగ్గించే రీజెన్ ఏ ఎలక్ట్రిక్ ఆటోలోనైనా బ్యాటరీ నూరు శాతం ఉన్నప్పుడు దాదాపు పనిచేయదు, ఛార్జింగ్ ఎక్కించుకునే చోటు ఉండదు కనుక. పొద్దున్నే డౌను దిగేవాళ్లు బ్రేకు మీదే ఆధారపడాలి.

బ్యాటరీ 80 శాతం చూపించి మరీ స్టార్టు కాకపోతే ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూడండి. అది పడిపోతే పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్చు, అంటే కాంటాక్టర్, కలవదు. ఛార్జింగ్‌కు విడిగా 16 ఆంపియర్ల సాకెట్, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరమైతే 4, మంచి ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ఉండాలి. 3 కిలోవాట్ల ఛార్జర్ గంటల తరబడి 13 ఆంపియర్లు లాగుతుంది. వదులైన ప్లగ్గు కరిగేది అందుకే.

స్టార్టప్ బండికి అసలు పరీక్ష సర్వీసులో. మోటారును నడిపించే కంట్రోలర్‌లో ఎర్రర్ చదవాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, వీధి చివరి మెకానిక్ ఏమీ చేయలేడు. కెనడా స్టార్టప్ ఎలెక్ట్రామెకానికా 2023లో తన మూడు చక్రాల సోలో కార్లు 429 వెనక్కి పిలిచి, సమస్యకు మందు దొరకక కొన్నవాళ్ల దగ్గర తిరిగి కొనుక్కుంది. అందరికీ ఆ అదృష్టం ఉండదు. ఇంకోవైపు బెంగళూరు ఛార్జింగ్ కంపెనీ ఎక్స్‌పోనెంట్ ఎనర్జీ, ఛార్జింగ్ సమయంలో స్టేషన్ నుంచే చల్లటి నీళ్లు బ్యాటరీలోకి పంపి 15 నిమిషాల్లో నింపుతోంది. కూలింగ్ బరువు బండి మోయక్కర్లేదు, కానీ ఆ స్టేషన్ మీ రూట్లో ఉండాలి.

రోజుకు 60 నుంచి 100 కిలోమీటర్లు, తెలిసిన రూటు, సొంత ఛార్జింగ్, 20 కిలోమీటర్లలోపు సర్వీస్ సెంటర్: ఈ నాలుగూ ఉంటే హైలోడ్ తీసుకోండి. బ్యాటరీ బళ్లకు 2018 నుంచి పర్మిట్ అవసరం లేదు, అదొక కలిసొచ్చే విషయం. ఘాట్ రోడ్లలో ఊళ్ల మధ్య సరుకు వేసేవాళ్లు మాత్రం ఆగండి. సెకండ్ హ్యాండైతే తయారీ నెల చూడండి. బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 అనే ప్రమాణానికి చేసిన సవరణలో రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది, దాని తర్వాతి బండే నయం. నిండుగా ఛార్జ్ చేయించి, 600 కేజీలు వేయించి, 50 కిలోమీటర్లు నడపండి. 40 శాతం కంటే తక్కువ మిగిలితే బ్యాటరీ హెల్త్ రిపోర్టు చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.